ఇంటి విలువ మీద కోర్టుకెళ్ళే ముందు మీరెవరో తేలాలి

శ్రోతలందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఏప్రిల్ వచ్చిందంటే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, మీకెంత వేశారు, మాకింత పెంచారు అని. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి నోటీసు వస్తుంది, జనవరి 1 నాటికి మీ ఇంటి విలువ ఇంత అని వాళ్ళు కట్టిన లెక్క అందులో ఉంటుంది, ఆ లెక్క మీదే స్కూల్ డిస్ట్రిక్టూ సిటీ కౌంటీ అందరూ పన్ను వేస్తారు. నచ్చకపోతే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, రెండిట్లో ఏది వెనకొస్తే ఆ తేదీకి ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, వేయాలి. ఇది చాలామందికి తెలిసిందే. అక్కడ తేలకపోతే కోర్టుకెళ్ళొచ్చనీ తెలుసు. కాకపోతే కోర్టులో ముందు తేలాల్సింది ఇంటి విలువ ఎంతన్నది కాదు, ఆ విలువ తప్పని అడగడానికి అసలు మీరెవరు అన్నది. లాయర్లు దీన్నే స్టాండింగ్ అంటారు. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

టెక్సాస్ ట్యాక్స్ కోడ్‌లో 42వ అధ్యాయం ఈ కేసుల గురించే. మన ప్రొటెస్ట్ విని తేల్చే అప్రైజల్ రివ్యూ బోర్డు, అంటే మనం ఏఆర్‌బీ అంటామే, అది ఇచ్చిన ఆర్డర్ మీద కోర్టుకెళ్ళే హక్కు ఆ ఆస్తి యజమానికి ఉంటుంది. ఇందులోనే రెండు షరతులున్నాయి. ఒకటి, యజమాని అయ్యుండాలి. రెండోది, చేతిలో ఏఆర్‌బీ ఆర్డర్ ఉండాలి. ప్రొటెస్ట్ వేయకుండా "వీళ్ళతో ఎందుకు, నేరుగా జడ్జి దగ్గరే తేల్చుకుంటా" అంటే కుదరదు. ప్రొటెస్ట్ వేసి హియరింగ్‌కి మొహం చూపించకపోయినా, మన తరఫున ఎవర్నీ పంపకపోయినా, కనీసం అఫిడవిట్ కూడా ఇవ్వకపోయినా, రేపు కోర్టులో అదే అడ్డం తిరుగుతుంది.

పక్కింటి సంగతి తరచూ వింటుంటాం. "మా వీధిలో ఆ చివరి ఇల్లు మాకంటే పెద్దది, దానికి మాకంటే తక్కువ వేశారు, దాని మీద కేసు వేస్తా" అని. వేయలేరు. అది మీ ఇల్లు కాదు. కానీ చుట్టుపక్కల మీ ఇంటిలాంటి ఇళ్ళకి వేసిన విలువల్ని, తేడాలు సరిచేసి, వాటి మధ్యస్థం కంటే నాకు ఎక్కువ వేశారని మీ కేసులో వాదించొచ్చు, చట్టం ఆ దారి ఇచ్చింది. పక్కింటి అంకె మీకు సాక్ష్యంగా పనికొస్తుంది, దాని మీద కేసు మాత్రం మీది కాదు. ఇది మామూలు మనుషులకే కాదు. 2015లో ఆస్టిన్ సిటీ అంతటిది, ట్రావిస్ కౌంటీలో కమర్షియల్ బిల్డింగులకి మరీ తక్కువ విలువ కట్టారని కోర్టుకెక్కింది. కేసు నిలవలేదు. 2019లో లెజిస్లేచర్ ఇంకో అడుగు ముందుకేసి, పన్ను వేసే సంస్థలు విలువల స్థాయిని సవాలు చేసే వీలునే తీసేసింది. పన్ను డబ్బు అందుకునే సిటీ గతే అదైతే, పక్కింటివాళ్ళ గతి చెప్పేదేముంది.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. అద్దెకిచ్చిన ఇల్లు ఒకటుంటుంది, ఎవరో సలహా ఇస్తే దాన్ని ఎల్ఎల్‌సీలోకి, అంటే మనం పెట్టుకున్న చిన్న కంపెనీ పేరు మీదకి, మారుస్తారు, డీడ్, అంటే ఇంటి దస్తావేజు, కూడా రిజిస్టర్ అయిపోతుంది. అలవాటు కొద్దీ ప్రొటెస్ట్ మాత్రం సొంత పేరుతో వేస్తారు, తర్వాత కోర్టు పిటిషన్ కూడా సొంత పేరుతోనే. కంపెనీ నాదే కదా అని మనం అనుకుంటాం. చట్టం అలా అనుకోదు, దాని దృష్టిలో మీరు వేరు, మీ ఎల్ఎల్‌సీ వేరు. ఒకప్పుడు ఇలాంటి కేసుల్ని నిలువునా కొట్టేసేవారు. 2009లో కేఎం టింబర్‌క్రీక్ అనే కంపెనీ హారిస్ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీద వేసిన కేసు హ్యూస్టన్ అప్పీలు కోర్టులో పోయింది, పిటిషన్ వేసిన పేరూ ఆస్తి యజమాని పేరూ ఒకటి కాదని. అక్కడ విలువ ఎక్కువా తక్కువా అన్న మాట దాకా కూడా పోలేదు!

తర్వాత చట్టాన్ని కొంచెం సడలించారు. ఇప్పుడు 42.21 సెక్షన్ ప్రకారం, ఆ ఆస్తి మీద ఏఆర్‌బీ ఆర్డర్ ఉండి, పిటిషన్ గడువులోపు పడి, అది ఏ ఆస్తి గురించో గుర్తుపట్టేంత సమాచారం అందులో ఉంటే, వాది పేరు తప్పుపడినంత మాత్రాన కేసు కొట్టేయరు, సవరించుకోనిస్తారు. మంచి మార్పే అని నా అభిప్రాయం, ఎందుకంటే పన్ను న్యాయంగా ఉందా లేదా అన్నది పేర్ల గజిబిజిలో పోకూడదు. అలాగని దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. పిటిషన్ రాసే ముందు డీడ్ తెరిచి, అందులో పేరు ఏ అక్షరాలతో ఉందో, ట్రస్టా, ఎల్ఎల్‌సీనా, భార్యాభర్తలిద్దరిదా, చూసి అదే రాయండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో కనిపించే పేరు ఒక్కోసారి పాతదై ఉంటుంది, దాన్ని చూసి రాయకండి.

ఎల్ఎల్‌సీ అంటే ఇంకో ఖర్చు కూడా ఉంది. డిస్ట్రిక్ట్ కోర్టులో కంపెనీ తరఫున లాయరే నిలబడాలి. సొంత ఇల్లు సొంత పేరు మీదుంటే మీరే వాదించుకోవచ్చు, అది ఎంతవరకు తెలివైన పనో వేరే సంగతి.

ఇంట్లో నాన్నగారు రిటైరై ఖాళీగా ఉంటారు, లెక్కలు బాగా వచ్చు, కొడుకు ఇంటికి సంబంధించిన కాగితాలన్నీ ఆయనే చూస్తారు. ఆయన పేరు ఏజెంట్‌గా ఫారం నింపి ఇస్తే ఏఆర్‌బీ ముందు చక్కగా మాట్లాడొచ్చు, చాలాచోట్ల కొడుకుల కంటే బాగా మాట్లాడతారు కూడా. కోర్టులో మాత్రం కుదరదు. ఇల్లు ఆయనది కాదు, ఆయన లాయరూ కాదు. ప్రొటెస్ట్ చేసిపెట్టే ట్యాక్స్ ఏజెంట్ కంపెనీలకూ ఇదే రూలు.

మరి ఫిబ్రవరిలో ఇల్లు కొన్నవాళ్ళ సంగతి? జనవరి 1న ఓనర్ వేరొకరు కదా అని వెనక్కి తగ్గక్కర్లేదు. ప్రొటెస్ట్ గడువులోపు కొన్న కొత్త యజమాని పాత యజమానిలాగే ప్రొటెస్ట్ వేయొచ్చు, పాతాయన వేసింది పెండింగ్‌లో ఉంటే దాన్నీ కొనసాగించొచ్చు. అలాగే షాపు లీజుకి తీసుకుని, ప్రాపర్టీ ట్యాక్స్ మీరే భరించాలని అగ్రిమెంట్‌లో రాసుకుని ఉంటే, ఓనర్ పట్టించుకోనప్పుడు ప్రొటెస్ట్‌కీ ఆపైన కోర్టుకీ వెళ్ళే హక్కు మీకుంది. ఆ పన్ను మీరు ఓనర్‌కి తిరిగి ఇవ్వాలన్న మాట లీజు కాగితంలో ఉండేలా చూసుకోండి, నోటిమాటని నమ్ముకోవద్దు.

ఆర్డర్ నోటీసు చేతికందాక పిటిషన్ వేయడానికి 60 రోజులు. అందిన తేదీ రాసి పెట్టుకోండి, కవరు పారేయకండి. దావా వేయాల్సింది అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీద, ఏఆర్‌బీ మీద కాదు. కోర్టు కాకుండా బైండింగ్ ఆర్బిట్రేషన్, అంటే ఇద్దరూ కట్టుబడాల్సిన మధ్యవర్తి తీర్పు, కూడా ఒకటుంది, ఖర్చు తక్కువ, ఉండే ఇంటికైతే అదే నయమేమో, కాకపోతే ఒకటి ఎంచుకుంటే రెండోది పోయినట్టే.

ఆఖరుగా డబ్బు సంగతి. కేసు నడుస్తోంది కదా అని పన్ను ఆపేస్తే కేసే పోతుంది. డిస్ట్రిక్ట్ 5,20,000 డాలర్లంటోంది, మీరు 4,60,000 అంటున్నారు అనుకోండి, గొడవ లేని ఆ 4,60,000 మీద పన్ను ఫిబ్రవరి 1 రాకముందే కట్టాలి. పోయినేడు పన్ను అంతకంటే తక్కువైతే అది కట్టినా చాలు. ఎస్క్రో ఉన్నవాళ్ళకి, అంటే లోన్ కిస్తీతో పాటే పన్ను డబ్బూ నెలనెలా కట్టేవాళ్ళకి, మార్ట్‌గేజ్ కంపెనీయే కట్టేస్తుంది కాబట్టి టెన్షన్ ఉండదు, లోన్ తీరిపోయినవాళ్ళే మర్చిపోయేది. నిజంగా కట్టలేని పరిస్థితైతే ఆ సంగతి ప్రమాణం చేసి రాసి కోర్టుని అడగొచ్చు, జడ్జి విచారించి ఎంత కట్టాలో చెబుతారు. సెలవు.