మీటరు 19 అంటోంది, బంకు బిల్లు 17 అంటోంది: ఏది నిజం?

[తెర మీద: డ్యాష్‌బోర్డులో సగటు మైలేజీ 19.2. పక్కన కాలిక్యులేటర్‌లో 17.7]

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వెళ్లొచ్చారు. మైలేజీ ఎంతంటే కారు మీటరు ఒక లెక్క చెప్తుంది, బంకు బిల్లు ఇంకో లెక్క. చాలామంది ముందు టైర్లనో ఓడోమీటర్‌నో అనుమానిస్తారు. వాటి తప్పు కాదు. మీటరు లెక్కకైనా మీ చేతిలెక్కకైనా కిలోమీటర్లు ఆ ఓడోమీటర్ నుంచే కదా! అది తప్పితే రెండూ ఒకేలా తప్పుతాయి. తేడా లీటర్లలో ఉంది.

[యానిమేషన్: ఇంజెక్టర్ తెరుచుకోవడం, మూసుకోవడం]

ఇంజిన్‌లోకి పోయే పెట్రోల్‌ని కారు నేరుగా కొలవదు. పెట్రోల్‌ని చిమ్మే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి తెలుసు. ఆ టైముని, కంపెనీ ముందే పెట్టిన రేటుతో గుణించి లీటర్లు కడుతుంది. ఇంజెక్టర్‌లో కాస్త మురికి పట్టినా, పెట్రోల్ ప్రెషర్ కొద్దిగా మారినా ఆ లెక్క పక్కకు పోతుంది. మైలేజీ నాలుగైదు శాతం ఎక్కువ చూపించడం చాలా కార్లలో మామూలే.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్ల అంటారా? దాంతో మైలేజీ నిజంగానే తగ్గుతుంది, ఎందుకంటే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. కానీ ఇంజెక్టర్ కూడా ఎక్కువసేపు తెరుచుకుంటుంది కాబట్టి మీటరులో కూడా చాలావరకు తగ్గే కనిపిస్తుంది.

[తెర మీద: బంకు, నాజిల్ క్లోజప్]

ఇప్పుడు అసలు పరీక్ష. ఫుల్ ట్యాంక్ కొట్టించండి. నాజిల్ టక్కున ఆగగానే చాలు అనండి. బంకుల్లో ఇక్కడే పరీక్ష పాడవుతుంది: రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు నొక్కులు నొక్కుతారు. దాంతో లెక్క పోతుంది, పైగా ట్యాంక్ ఆవిరిని పట్టే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి పెట్రోల్ వెళ్లే ప్రమాదం ఉంది. ట్రిప్ మీటరూ సగటు మైలేజీ రెండూ అప్పుడే సున్నా చేయండి. కొన్ని కార్లలో ఈ రెండింటికీ వేర్వేరు రీసెట్‌లు ఉంటాయి, చూసుకోండి.

తర్వాత కూడా అదే బంకు, అదే పంపు, బండి అదే వైపు. నాజిల్ ఒక్కోసారి లీటరు ముందో వెనకో ఆగొచ్చు. పది లీటర్లు పట్టిస్తే అది 10 శాతం తప్పు, 60 లీటర్ల మీద 2 శాతం లోపే. అందుకే మూడు ఫుల్ ట్యాంకులు కలిపి లెక్కేయాలి. మధ్యలో ఏదీ రీసెట్ చేయొద్దు, ఐదొందలకి కొట్టించినా ఆ లీటర్లు రాసుకోవాలి.

[తెర మీద: 1104 ÷ 62.4 = 17.7]

1104 కిలోమీటర్లకి 62.4 లీటర్లు పట్టిందనుకుందాం. మైలేజీ 17.7. మీటరు 19.2 చూపిస్తే, 17.7ని 19.2తో భాగించండి: 0.92. ఇది మీ బండి మీటరుని సరిచేసే అంకె, మీటరు చూపించినదాన్ని దీంతో గుణించాలి. రేపు హైవే మీద మీటరు 21 చూపిస్తే అసలు మైలేజీ 19.3.

సాలూరు ఘాట్ దిగేటప్పుడు వచ్చే అంకెలు చూసి మురిసిపోకండి. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు మూసుకుంటాయి, అందుకే మీటరు ఆకాశాన్నంటుతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఐడ్లింగ్‌కి పెట్రోల్ తాగుతుంది, బ్రేకుల మీద కూడా భారం. పరీక్షకైతే ఎక్కడం, దిగడం రెండూ కలవాలి.

[తెర మీద: 5 లీటర్ల కొలత పాత్ర]

0.92 ఉన్నది ఒకే బంకులో కొట్టించినప్పుడల్లా 0.85కి పడిపోతోందా? ఆ బంకులోనే 5 లీటర్ల కొలత పాత్ర తెమ్మని అడగండి, అడిగే హక్కు మీకుంది. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. కొలత సరిపోయి, ఏ బంకులో కొట్టించినా అలాగే పడిపోతుంటే మెకానిక్‌తో ఇంజెక్టర్లు, పెట్రోల్ లైన్ లీకేజీ చూపించండి.