సూదికి గుచ్చిన సీతాకోకచిలుకలు: తప్పు పిల్లలదా, పెద్దలదా?

యాంకర్: నమస్కారం, చర్చా కార్యక్రమానికి స్వాగతం. వారం రోజులుగా వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫొటో తిరుగుతోంది. ఓ పాఠశాల సైన్స్ ప్రదర్శన. థర్మకోల్ అట్ట మీద 30 దాకా సీతాకోకచిలుకలు, ఒక్కోదానికి ఒక్కో గుండుసూది, కింద పిల్లల చేతిరాతతో పేర్లు. దానికి మొదటి బహుమతి కూడా ఇచ్చారు. ఆ బడి పేరు మనం చెప్పడం లేదు. స్టూడియోలో ముగ్గురున్నారు. జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్ గారు, పదేళ్లుగా సీతాకోకచిలుకల ఫొటోలు తీస్తున్న బ్యాంకు ఉద్యోగి ఒకరు, నర్సంపేట వైపు నుంచి పత్తి రైతు, అక్క. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాం. నా వైపు నుంచి కూడా ఒక ప్రశ్న ఉంది. మహారాష్ట్ర 2015లోనే బ్లూ మార్మన్‌ను రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించుకుంది. మన తెలంగాణకు రాష్ట్ర చిహ్నాలుగా పాలపిట్ట ఉంది, జమ్మి ఉంది, తంగేడు ఉంది, జింక ఉంది. మరి సీతాకోకచిలుక? దానికీ వద్దాం. సార్, ముందు మీరు.

లెక్చరర్: ఫొటో చూసి నాకూ బాధ కలిగింది. అయితే ఒక్క మాట చెప్పాలి. మా తరంలో జంతుశాస్త్రం చదివినవాళ్లమంతా పురుగుల పెట్టె కట్టినవాళ్లమే. వల పట్టుకొని తిరిగితేనే మాకు కుతూహలం పుట్టింది. ఆ పిల్లల్ని నేరస్థుల్లా...

ఔత్సాహికుడు: పిల్లల్ని ఎవరన్నరు సార్? బహుమతి ఇచ్చినోళ్లను అంటున్న. ఆ అట్ట మీద రెండో వరుస, ఎడమ నుంచి మూడోది. పేరు ఏం రాసిన్రు? ప్లెయిన్ టైగర్. అది ప్లెయిన్ టైగర్ కాదు!

యాంకర్: కాదా?

ఔత్సాహికుడు: కాదు. డానయిడ్ ఎగ్‌ఫ్లై, ఆడది. ఫొటో పెద్దగ చేసి చూసిన. ప్లెయిన్ టైగర్‌కు వెనక రెక్క నడుమ మూడో నాలుగో నల్ల చుక్కలుంటయి. దీనికి నడుమ ఏమీ ఉండది, పైఅంచుకు ఒక్కటే మచ్చ. మిగిలినదంతా అదే నారింజ రంగు, అదే నల్ల కొన, అవే తెల్ల పట్టీలు. ఎందుకంటే ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు ఆకు తింటది, ఆ విషం ఒంట్లో దాసుకుంటది. ఒకసారి తిన్న పిట్ట మళ్లా ముట్టది. ఆ భయాన్ని అడ్డం పెట్టుకొని ఈ ఎగ్‌ఫ్లై ఆడది దాని వేషం కట్టుకున్నది. మగది చూస్తే పోలికే ఉండది, నల్ల రెక్కల మీద తెల్లటి గుండ్రటి మచ్చలు, చుట్టూ ఊదా మెరుపు. పిట్టను మోసం చేసిన వేషం సైన్స్ ప్రదర్శన జడ్జీలను కూడా...

లెక్చరర్: అదే నేనూ చెప్పబోయేది, పోల్చుకోవడం అంత సులువు...

ఔత్సాహికుడు: ఒక్క నిమిషం సార్, పూర్తి చేయనియ్యండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంల అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా, మొదటి షెడ్యూలులో ఉండేది ఇది. పులి ఏ షెడ్యూలో, అది ఆ షెడ్యూలు!

లెక్చరర్: 2022 సవరణతో షెడ్యూళ్లు మారాయి. ఇప్పటి స్థానం చూసి మాట్లాడాలి.

ఔత్సాహికుడు: మారినయి, కాదనను. పేరు తెల్వకుండ సూది గుచ్చుడు మాత్రం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. నేను అడిగేది అదొక్కటే.

యాంకర్: సరే, మరి ఈ ఎగ్‌ఫ్లైనే మన రాష్ట్ర సీతాకోకచిలుకగా పెట్టుకుంటే?

ఔత్సాహికుడు: సార్, అది తర్వాత.

రైతు: నాకొకటి అర్థం కాలె. అది ఏం తిని బతుకుతది?

ఔత్సాహికుడు: అక్కా, మంచిగ అడిగినవ్. దాని పురుగు గంగవాయిల కూర తింటది.

రైతు: గంగవాయిల కూరనా? మనం పప్పుల ఏసుకునేదా?

ఔత్సాహికుడు: అదే. చూడున్రి, పులితో సమానం షెడ్యూలులో పెట్టిన జీవి మన కూర తిని పెరుగుతది. దానికోసం అడవికి పోవుడు ఎందుకు, పత్తి చేన్ల గెట్టు మీద ఉంటది...

రైతు: ఉండేది. చిన్నప్పుడు మా అమ్మ పొద్దుగాల చేన్లకు పోతే కొంగు నిండ తెచ్చేది. ఇప్పుడు గడ్డి మందు కొడుతున్నం. కొట్టకపోతే ఏం జేయాలె? కైకిలోళ్లు దొరుకుతలేరు, దొరికినా ఇయ్యలేం. నువ్వు ఫొటో తీసుకొని పోతవ్ తమ్మీ, కలుపు నేను తీయాలె.

యాంకర్: బలమైన మాట. దీనికి జవాబు?

ఔత్సాహికుడు: జవాబు ఉన్నది. చేను మొత్తం వదలమంటలేను. గెట్టు మీద...

లెక్చరర్: నేను రెండు నిమిషాలు మాట్లాడవచ్చా? ఇప్పటిదాకా ఒక్క వాక్యం పూర్తి కాలేదు.

యాంకర్: తప్పకుండా సార్.

లెక్చరర్: ఫొటో ఉంటే చాలు, జీవిని ముట్టుకోవద్దు అనేది వినడానికి బాగుంటుంది. గ్రాస్ యెల్లోలు తీసుకోండి, చిన్న పసుపు సీతాకోకచిలుకలు. చిన్న నీలి రకాలు తీసుకోండి. స్కిప్పర్లని ఒక సీతాకోకచిలుకల కుటుంబం ఉంది, వాటిలో కొన్నిటికి జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప తేడా తెలియదు. మన దేశంలో 1,300కు పైగా జాతులున్నాయని చెప్పగలుగుతున్నామంటే, వందేళ్ల కిందట మ్యూజియాల్లో దాచిన నమూనాల పుణ్యం అది. అనుమతితో, అవసరమైనంతే సేకరించడం వేరు. బడి పిల్లలు అట్టకు గుచ్చడం వేరు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తే...

ఔత్సాహికుడు: నేను కట్టలేదు సార్. మ్యూజియం సంగతి నేనెత్తలేదు. పిల్లగాడి చేతికి వల ఇచ్చుడా, కెమెరా ఇచ్చుడా, అంతే నా ప్రశ్న. ఇప్పుడు ప్రతి ఇంట్ల ఫోన్ ఉన్నది. రెక్కలు తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి తియ్యి. నీలి రకాలల్ల అడుగు భాగం లేకుంటే పేరు చెప్పుడు కష్టం. ఏ మొక్క మీద వాలింది, ఏ తారీఖు, ఏ ఊరు, రాసుకో. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌ల పెట్టు, తప్పుంటే తెలిసినోళ్లు దిద్దుతరు. నేను మొదటి రెండేండ్లు కామన్ మార్మన్ ఆడదాన్ని క్రిమ్సన్ రోజ్ అని రాసుకున్న. ఒక్కరోజు ఒకాయన ఒళ్లు చూడమన్నడు. రోజ్ అయితే ఒళ్లు ఎర్రగుంటది. మార్మన్‌కు నల్లగుంటది. రెక్కలకు వేషం వేసింది గని ఒంటికి వేయలేదు! ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు సార్, నిజంగ. మార్మన్ ఆడది మూడు రకాల వేషాలల్ల ఉంటది. ఒకటి మగదాని లెక్క, ఒకటి కామన్ రోజ్ లెక్క, ఒకటి క్రిమ్సన్ రోజ్ లెక్క. మూడూ కరివేపాకు చెట్టు మీదనే పెరుగుతయి.

యాంకర్: కరివేపాకు మీద పెరిగేది అంటే మన ఇంటి పెరట్లోది. రాష్ట్ర చిహ్నంగా అదీ బాగుంటుందేమో?

లెక్చరర్: చిహ్నం ప్రకటిస్తే జీవి బతకదు బాబూ.

యాంకర్: అవగాహన అయినా పెరుగుతుంది కదా సార్. కేరళ, తమిళనాడు, ఉత్తరాఖండ్ కూడా ప్రకటించుకున్నాయి. ఆ, మరిచాను, మహదేవపూర్‌లో పట్టు తీసే సీతాకోకచిలుక కూడా మనదే కదా!

లెక్చరర్: అది సీతాకోకచిలుక కాదు, రెక్కల పురుగు. దసలి పట్టు పురుగు. మహదేవపూర్, చెన్నూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచుతారు, ఆరుబయటే. తేడా మీసాల్లో ఉంటుంది. సీతాకోకచిలుక మీసం కొన అగ్గిపుల్ల తలలా ఉబ్బి ఉంటుంది, పట్టు పురుగుది ఈకలా ఉంటుంది. చాలా గొప్ప జీవనోపాధి అది. ఆ చెట్ల కింద రాత్రింబవళ్లు కాపలా కాసే...

రైతు: మా మేనత్త కొడుకు గా దిక్కు చేసేటోడు. పిట్టలను తోలుడే పెద్ద పని అనేటోడు.

లెక్చరర్: అవునమ్మా, పిట్టలు, చీమలు, కందిరీగలు...

ఔత్సాహికుడు: పట్టు తర్వాత మాట్లాడుదాం సార్. గెట్టు మాట మధ్యల ఆగింది.

యాంకర్: చెప్పండి.

ఔత్సాహికుడు: అక్క భయం నాకు అర్థమైతది. పురుగంటే పంట తినేదే అనుకుంటం. పత్తిల గులాబీ రంగు కాయతొలుచు పురుగు, మక్కల కత్తెర పురుగు, మిరపల లద్దె పురుగు, ఇవన్నీ రెక్కల పురుగుల పిల్లలు. సీతాకోకచిలుక ఒక్కటి కూడా కాదు.

రైతు: నిమ్మ మొక్కలు తినేది? ఆకు మొత్తం గీరి పెట్టింది మాకు.

ఔత్సాహికుడు: అది... అది లైమ్ బటర్‌ఫ్లై. అది తింటది, ఒప్పుకుంట.

లెక్చరర్: కందిని తినే పీ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక కూడా ఉంది. ఒక్కటి కూడా కాదు అనేయకండి.

ఔత్సాహికుడు: సరే, ఒకటి రెండున్నయి. మిగిలినయి కలుపు మీద, తీగల మీద, తుప్పల మీద బతుకుతయి. జిల్లేడు, గంగవాయిల, కసింద, ఆముదం, ఈశ్వరి తీగ. ఈశ్వరి తీగ పోతే క్రిమ్సన్ రోజ్ పోతది. ఎక్కడన్న ఇంకోటి తిని బతకది అది! పూలు నాటుతే చిలుకలొస్తయి అంటరు. వస్తయి, తాగి పోతయి. గుడ్డు పెట్టనీకి ఆకు కావాలె. ఆకు మనం గడ్డి మందుతోని మాడబెడుతున్నం, పట్నంల కాలనీ ఖాళీ ప్లాట్లను జేసీబీతోని గీరుతున్నం, ఆ తర్వాత బడిల అట్టకు గుచ్చుకొని సంరక్షణ అంటున్నం...

లెక్చరర్: అట్ట గుచ్చడం వల్ల జాతి అంతరించదు, ఆవాసం పోతే అంతరిస్తుంది. మీరు చెప్పేదే నా వాదనను బలపరుస్తోంది.

ఔత్సాహికుడు: బలపరుస్తలేదు సార్! అలవాటు గురించి మాట్లాడుతున్న నేను. చంపి చూసుడు నేర్చిన పిల్లగాడు రేపు గెట్టు ఎందుకు కాపాడుతడు?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, మాటలు వినబడలేదు)

యాంకర్: ఒక్కొక్కరు, దయచేసి ఒక్కొక్కరు. సార్, మీరు?

లెక్చరర్: నేను అలవాటు పడ్డాను కదా చంపి చూడటానికి. నలభై ఏళ్లు పిల్లలకు చెట్లు నాటించాను. అది ఎక్కడికి పోయింది?

(కొద్దిసేపు నిశ్శబ్దం)

ఔత్సాహికుడు: సార్, మిమ్మల్ని అనలేదు. కోపం మీ మీద కాదు. ఒకటి చెప్త వినున్రి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిల పెద్ద గాలి కొట్టింది. వేల చెట్లు ఒక్క పూటల వేళ్లతో సహా పడ్డయి. నేను 2019 నుంచి ఆ తొవ్వల పోతున్న. చెట్లు పడ్డంక నన్ను ఒకాయన అడిగిండు, అంతకు ముందు ఇక్కడ ఎన్ని రకాలుండె అని. నా తాన వేల ఫొటోలున్నయి, లెక్క లేదు. మంచి వెలుతురు ఉన్న రోజు పోయిన, అందమైనది కనబడితే తీసిన, వచ్చిన. అది లెక్క కాదు. బ్రిటన్‌ల 1976 నుంచి లెక్క కడుతున్నరు. ఒకటే తొవ్వ, మెల్లగ నడక, అటు రెండున్నర మీటర్లు, ఇటు రెండున్నర, ముందు ఐదు. అండ్ల కనబడ్డయే రాసుకుంటరు. ప్రతి వారం. ఎక్కువ మంది మామూలు మనుషులే. భద్రకాళి చెరువు కట్ట మీద మనం చేయలేమా? పాకాల చెరువు కట్ట మీద? పాకాలల నీళ్లు తగ్గినప్పుడు తడి మన్ను మీద మగ చిలుకలు గుంపుగ కూసొని ఉప్పు పీల్చుకుంటయి, ఒక్కచోట నిలబడి లెక్కపెట్టొచ్చు...

యాంకర్: అద్భుతం. గుంపుగా కూర్చునే ఆ చిలుకల్లో ఏది రాష్ట్ర...

ఔత్సాహికుడు: ఇంకా కాలె సార్! ఆ బడి పిల్లలకు శిక్ష వద్దు. వాళ్లకు తలా ఒక గెట్టు ఇయ్యున్రి. ఏడాదంత రాయమనున్రి. అప్పుడు బహుమతి ఇయ్యున్రి.

లెక్చరర్: ఇది మంచి సూచనే. దీనికి నేను వస్తాను కూడా. కాని సేకరణ మొత్తం నిషేధించాలంటే మాత్రం...

యాంకర్: సార్, సమయం తక్కువగా ఉంది. అక్కా, చివరగా?

రైతు: గెట్టు అంటున్నరు గద. నా గెట్టు అవుతలోనితోని పంచాయితీల ఉన్నది. నేను మందు కొట్టకున్నా ఆయన కొడ్తడు, గాలికి ఇటే వస్తది. గెట్టు వదులుతే కలుపు విత్తనం చేన్లకు దుంకుతది. అడుగు జాగ వదిలినందుకు నాకు ఎవరు ఏమిస్తరు? ఆ ముచ్చట ఎవరూ చెప్తలేరు.

లెక్చరర్: ఇదే అసలు ప్రశ్న. రైతుకు...

ఔత్సాహికుడు: అక్కా, ఆదివారం నేనే మీ చేనుకు వస్త. గెట్టు మీద ఏమేం ఉన్నయో ఇద్దరం చూద్దాం. ఏది ఉంచాలె, ఏది పీకాలె, జిల్లేడు ఒక్కటి ఉంచినా...

రైతు: రా తమ్మీ. వచ్చేటప్పుడు కొడవలి తెచ్చుకో.

యాంకర్: చాలా మంచి చర్చ జరిగింది. మీరు ఏ సీతాకోకచిలుకను రాష్ట్ర చిహ్నంగా చూడాలనుకుంటున్నారో మాకు...

ఔత్సాహికుడు: చిహ్నం కాదు సార్, గెట్టు గురించి పంపమనున్రి. ఎవరి ఊర్ల ఈశ్వరి తీగ ఇంకా ఉన్నదో పంపమనున్రి. నేను పోయి చూస్త. పాకాల చుట్టుపక్కల నాకు తెలిసినయి నాలుగు చోట్లే...

లెక్చరర్: ఐదు. అశోకనగర్ దాటినాక ఒర్రె పక్కన ఒకటి...

(కార్యక్రమం సమయం ముగిసింది)