నోటిపూత, పేగుపూత: డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పేగుపూత, అంటే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లకు నోట్లో వచ్చే ఇబ్బందుల గురించి ఇవాళ్టి కార్యక్రమం. గ్యాస్ట్రో డాక్టర్ గారు మనతో ఉన్నారు. తెనాలి నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

కాలర్: హలో, వినిపిస్తోందాండీ?

యాంకర్: టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండమ్మా.

కాలర్: ఆఁ, తగ్గించాను. నమస్తే మేడం. మా అబ్బాయికి 19 ఏళ్లు, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్. నోటిపూత అండీ. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. హాస్టల్ తిండికి వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు పట్టించాను. బి-కాంప్లెక్స్ వేశాం. మా అత్తగారు మాచికాయ అరగదీసి రాశారు. సంక్రాంతికి వస్తే అరిసె కూడా కొరకలేకపోయాడు. వేడేనంటారా?

డాక్టర్: విరేచనాలు ఎలా ఉన్నాయి?

కాలర్: రోజుకు నాలుగైదు సార్లు వెళ్తాడండీ. కుడివైపు పొత్తికడుపులో మెలిపెడుతుందంటాడు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది. పరీక్షల టెన్షన్ అనుకున్నాం.

డాక్టర్: బరువు తగ్గాడా?

కాలర్: చొక్కాలన్నీ వదులైపోయాయండీ.

డాక్టర్: అమ్మా, ఇది వేడని వదిలేసేది కాదు. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. కొందరిలో కడుపు కన్నా ముందు నోట్లోనే బయటపడుతుంది. పేగులో ఉండే బ్యాక్టీరియాను మన ఇమ్యూనిటీ మామూలుగా ఓర్చుకుంటుంది. ఈ జబ్బులో ఆ ఓర్పు పోతుంది. రక్షణ కణాలు టీఎన్ఎఫ్ లాంటి, వాపు పుట్టించే రసాయనాలు ఆపకుండా వదులుతుంటే సొంత పేగు గోడే పుండు పడుతుంది. అయితే మన దేశంలో పేగు టీబీ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. కొలనోస్కోపీ, అంటే మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పేగు చూసి, చిన్న ముక్క తీసి పరీక్షించాలి. అందాజుగా మందులు మొదలుపెట్టొద్దు. టీబీ ఉన్నవాడికి ఇమ్యూనిటీని అణిచే క్రోన్స్ మందులిస్తే టీబీ ముదిరిపోతుంది.

కాలర్: ఇమ్యూనిటీ తగ్గిందన్నమాటేగా మేడం? బలానికి ఏదైనా పొడి...

డాక్టర్: తగ్గలేదమ్మా, దారి తప్పింది. ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే పొడులు కొనకండి.

కాలర్: పంటినొప్పి కూడా ఉందండీ. మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటాడు.

డాక్టర్: అదే వద్దు! డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పేగుపూతను రేపగలవు. నొప్పి మాత్ర సొంతంగా వేసుకోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి.

కాలర్: అలాగేనండీ. అయితే వేడి కాదంటారా? మజ్జిగ ఎక్కువ తాగిస్తే?

డాక్టర్: పడితే మజ్జిగ తాగనివ్వండి తల్లీ. ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించండి. సెమిస్టర్ అయ్యాక అనొద్దు.

యాంకర్: థాంక్యూ అమ్మా. కరీంనగర్ నుంచి, చెప్పండి.

కాలర్: మేడం, నాకు అల్సరేటివ్ కొలైటిస్. ఇమ్యూనిటీని అణిచే అజాథయోప్రిన్ మాత్ర వాడుతున్నా. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. క్లీనింగ్ చేయించుకోవచ్చా?

డాక్టర్: తప్పకుండా చేయించుకోండి. పేగుపూత ఉన్నవాళ్లలో చిగుళ్ల జబ్బు ఎక్కువగా చూస్తాం. ఉమ్మితో పాటు నోటి బ్యాక్టీరియాను రోజంతా మింగుతూనే ఉంటాం. ఆరోగ్యంగా ఉన్న పేగులో అవి సాధారణంగా నిలవవు. 2017లో జపాన్ పరిశోధకులు, రోగుల ఉమ్మిలో దొరికిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాను ఎలుకల పేగుల్లో పెంచి చూశారు. జన్యులోపం ఉన్న ఎలుకలకు పేగు బాగా వాచింది. మనుషుల్లోనూ అంతేనని ఇప్పుడే చెప్పేయలేం కానీ, చిగుళ్లను నిర్లక్ష్యం చేయకండి. మీరు వాడే మాత్ర రక్తకణాలను తగ్గించగలదు, అందుకే క్లీనింగ్‌కు ముందు తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల కౌంట్ చూపించుకోండి. డెంటిస్ట్‌కు మీ మందుల చీటీ ఇవ్వండి. మళ్లీ చెబుతున్నా, నొప్పి మాత్ర అడక్కుండా వేసుకోవద్దు.

యాంకర్: తర్వాత విశాఖపట్నం.

కాలర్: స్టీరాయిడ్ మాత్రలు రెండు నెలలుగా వాడుతున్నానండీ. నాలుక మీద పెరుగు పూసినట్టు తెల్లగా వచ్చింది. నిన్నటి నుంచి ఆపేశాను.

డాక్టర్: ఎవరు ఆపమన్నారు?

కాలర్: నేనేనండీ.

డాక్టర్: ఫోన్ పెట్టేయగానే మీ డాక్టర్‌తో మాట్లాడండి. స్టీరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. మెల్లమెల్లగా తగ్గించాలి. ఆ తెలుపు ఫంగస్ అయ్యుండొచ్చు, దానికి వేరే మందుంది.

కాలర్: పుక్కిలిస్తే పోదాండీ?

డాక్టర్: ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి నాన్నా.

యాంకర్: ఆఖరి కాల్. అర నిమిషమే ఉంది, క్లుప్తంగా.

కాలర్: క్రోన్స్ ఉందండీ. రోజుకు రెండు సిగరెట్లే తాగుతాను...

డాక్టర్: ఆ రెండూ మానేయండి. పొగ క్రోన్స్‌ను ముదరబెడుతుంది, చిగుళ్లనూ పాడుచేస్తుంది. ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం పెరుగుతుంది.

యాంకర్: ధన్యవాదాలు డాక్టర్ గారూ. లైన్ దొరకనివాళ్లు వచ్చే వారం మళ్లీ ప్రయత్నించండి. నమస్కారం.