సాక్సుల ప్యాకెట్ వెనక్కి తిప్పి చూశారా?

దృశ్యం: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో ఒక బట్టల దుకాణం. బల్ల మీద రెండు జతల తెల్ల స్కూలు సాక్సులు.

నమస్తే. జూన్ వచ్చిందంటే పిల్లలకు యూనిఫాం, బూట్లు, సాక్సులు కొనే హడావుడి మొదలవుతుంది. యూనిఫాం గుడ్డను వేళ్లతో నలిపి చూస్తాం. బూట్లు తొడిగించి నాలుగడుగులు నడిపిస్తాం. సాక్సులకు మాత్రం సైజు చెప్పి, ప్యాకెట్ సంచిలో వేసుకుని వచ్చేస్తాం.

ఈ రెండు జతలూ ఒకే తెలుపు. రెండింటి మీదా పచ్చటి ఆకు బొమ్మ ఉంది. వెనక్కి తిప్పుదాం. ఒకదాని మీద పత్తి 78 శాతం, నైలాన్ 20, ఎలాస్టేన్ (రబ్బరులా సాగే దారం) 2 అని రాసి ఉంది. రెండోది పాలిస్టర్ 95 శాతం. అంటే పెట్రోలియం నుంచి తీసిన దారం. పర్యావరణం పేరుతో ఆధారం లేని గొప్పలు చెప్పుకోకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ దుకాణంలో నిలబడ్డప్పుడు మనకు పనికొచ్చేది ఈ వెనక వైపు చిన్న అక్షరాలే.

దృశ్యం: మునుగోడు వైపు పత్తి చేను. ఏరిన పత్తి మూట కడుతున్నారు.

దసరా నుంచి మన మునుగోడు, చండూరు, దేవరకొండ వైపు చేలలో పత్తి ఏరుడు సాగుతుంది. క్వింటా పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే వచ్చే దూది సుమారు 33, 34 కిలోలు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజ. దాన్నుంచి నూనె తీస్తారు, చెక్క పశువులకు పోతుంది.

మన పంటే కదా అని పత్తిని వెనకేసుకు రాను. కిలో పత్తి బట్టకు ప్రపంచ సగటున సుమారు 10 వేల లీటర్ల నీళ్లు పడతాయని లెక్క. మన దగ్గర చాలా చేలు వాన మీదే నడుస్తాయి కాబట్టి బోరు నీళ్ల భారం కొంత తక్కువే. మందుల సంగతి అలా కాదు. కాయతొలుచు పురుగును తట్టుకుంటుందని 2002లో బీటీ విత్తనం వచ్చినా పురుగు పోలేదు. గులాబీ రంగు పురుగు ఆ విత్తనాన్నీ తట్టుకుంది. మళ్లీ పిచికారీ తప్పలేదు. ఆ మందు ముందుగా చేరేది పంపు వీపున వేసుకున్న మనిషి ఊపిరిలోకే. నేను ఆర్గానిక్ పత్తి గురించి పట్టుబట్టేది ఇందుకే. ప్యాకెట్ మీద జీఓటీఎస్ (ఆర్గానిక్ బట్టలకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ) గుర్తుతో ‘ఆర్గానిక్’ అని ఉంటే, అందులో కనీసం 95 శాతం నార ధ్రువీకరించిన ఆర్గానిక్‌దై ఉండాలి. గుర్తు లేకుండా ఆ మాట మాత్రమే ఉంటే నమ్మకండి. ధర ఎక్కువే. కొనలేకపోతే మామూలు పత్తివే తీసుకోండి, పాలిస్టర్ కన్నా నయం.

ఎందుకు నయమంటే, మామూలు గాలిలోనే 100 గ్రాముల పత్తి 8 గ్రాముల దాకా తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. మన ఎండల్లో ఆరేడు గంటలు బూట్లలో ఉండే పాదానికి ఇది చిన్న తేడా కాదు. పైగా పాలిస్టర్‌ను ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ నూగు నీళ్లలో కలుస్తుంది. సీసాలను కరిగించి చేసిన రీసైకిల్డ్ పాలిస్టర్ అయినా నూగు రాలడం ఆగదు.

‘వెదురు సాక్సులు’ అని కూడా అమ్ముతున్నారు. మెత్తగా ఉంటాయి, నిజమే. కానీ వాటిలో చాలావరకు విస్కోస్. వెదురు గుజ్జును కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి దారం తీస్తారు. ఆ కార్బన్ డైసల్ఫైడ్ ఫ్యాక్టరీ కార్మికుల నరాలను దెబ్బతీస్తుంది. లయోసెల్ అని రాసి ఉంటే, అదీ గుజ్జు నుంచి తీసిన దారమే అయినా పద్ధతి వేరు. అందులో వాడే ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టి మళ్లీ వాడతారు.

దృశ్యం: మడమ దగ్గర చిరిగిన సాక్సు, దగ్గరగా.

మరి నూటికి నూరు శాతం పత్తివి కొంటే సరిపోదా? తొందరగా సాగిపోయి కిందికి జారతాయి, మడమ, వేళ్ల దగ్గర ముందే అరిగిపోతాయి. ఆ చోట్ల కొంచెం నైలాన్ ఉండాలి. పత్తి 75 నుంచి 80 శాతం ఉన్న జత రెండేళ్లు నడిస్తే, మూడు నెలలకే పారేసే ‘స్వచ్ఛమైన’ జత కన్నా అదే మేలని నా అభిప్రాయం.

రంగు గురించి ఒక్కమాట. తిరుప్పూర్ అద్దకం యూనిట్ల మురుగుతో నొయ్యల్ నది పాడైతే, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ యూనిట్లను మూయించింది. స్కూలు రూలు లేని చోట లేత రంగులో, అద్దకం వేయని దారంతో చేసినవి దొరికితే అవే తీసుకోండి.

లేబుల్ చిరిగిపోయిందా? ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని వెలిగించండి. పత్తి కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.

ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరేయండి. మండే ఎండకు ఎలాస్టేన్ పట్టు వదిలేస్తుంది. కొనేటప్పుడు ఒకే రంగు, ఒకే రకం నాలుగు జతలు తీసుకోండి. ఒక కాలిది చిరిగితే మిగిలినదాన్ని ఇంకోదానితో జత చేసుకోవచ్చు.