అది అంటే ఎవర్రా?

నమస్కారమండీ. పిల్లలకి మాటలు ఆలస్యమైతే మన ఇళ్ళల్లో ముందు చేసేది వస కొమ్ము అరగదీసి నాకించడం. మా అక్క కొడుక్కీ నాకించారు. "మగపిల్లలింతే, వాళ్ళ నాన్నా ఆలస్యంగానే మాట్లాడాడు" అని మా పెద్దమ్మ తేల్చేసింది, ఆ మాట పట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాం. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. మాటలు వచ్చాయి, కానీ బడిలో ఏం జరిగిందో చెప్పమంటే "అది వచ్చింది, అది కొట్టింది, అది ఏడ్చింది" అంటాడు. కొట్టింది మగపిల్లాడే, ఏడ్చింది వీడే! అదంతా మనమే ఊహించుకోవాలి.

చెవులు బాగానే ఉండి, తెలివి బాగానే ఉండి, ఇంట్లో కబుర్లకి కొదవ లేకపోయినా భాష పట్టుబడని పిల్లలు ఉంటారు. అమెరికాలో, ఇంగ్లండులో బడి పిల్లల్లో లెక్క తీస్తే నూటికి ఏడుగురు దాకా తేలారు, అంటే 30 మంది క్లాసులో ఇద్దరు. బయటికి ఏమీ కనపడదు కాబట్టి మొద్దు అనో, మొండి అనో పేరు పడిపోతుంది.

వీళ్ళని కంప్యూటరు చేత పట్టించాలని చాలామంది చూస్తున్నారు. బొమ్మలు చూపించి కథ చెప్పమంటారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో వాడిన ఒక కథలో జిరాఫీ దగ్గర బొమ్మ విమానం ఉంటుంది, ఏనుగు లాక్కుంటుంది, అది కాస్తా ఈతకొలనులో పడుతుంది. పిల్లాడు చెప్పిందంతా రాసి మెషీనుకిస్తే వాక్యానికెన్ని మాటలు, ఎన్ని రకాల మాటలు, ఎక్కడ ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు అని లెక్కేస్తుంది. 2016లో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ వాళ్ళైతే ఏం చెప్పారన్నది పక్కన పెట్టి గొంతునే విన్నారు, ముఖ్యంగా మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగుతున్నారని.

ఇక్కడో తిరకాసు ఉంది. ఎడ్మంటన్‌లో కథలు చెప్పిన పిల్లలు 377 మంది, అందులో ఇబ్బంది ఉన్నవాళ్ళు 77. మెషీను ఏమీ వినకుండా అందరికీ "బాగానే ఉన్నారు" అని చెప్పేసినా నూటికి 80 కరెక్టే! అందుకే ఎవరైనా ఇలాంటి యాప్ తెచ్చి 80 శాతం అంటే, నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్ళలో ఎంతమందిని పట్టుకుందో అడగండి.

ఇంకో సంగతి, అక్కడ నేర్చిన మెషీను మన పిల్లలకి పనికిరాదు. ఇంగ్లీషులో ఈ పిల్లలు నిన్నటి సంగతి చెబుతూ 'వాక్డ్' అనాల్సిన చోట 'వాక్' అని వదిలేస్తారు, మెషీను దాన్ని పట్టుకుంటుంది. మన క్రియని అలా బోడిగా వదలడం కుదరదు, 'వచ్చ్' దగ్గర ఏ పిల్లాడూ ఆగడు, తడబడితే క్రియ చివరి తోక దగ్గరే, 'కొట్టాడు' అనాల్సిన చోట 'కొట్టింది' అనే మావాడిలాగ. పైగా మనకి ఏనుగూ అదే, జిరాఫీ అదే, విమానమూ అదే. ఎన్ని 'అది'లు మామూలు, ఎక్కడినుంచి ఇబ్బంది? చెప్పాలంటే మన పిల్లల కథలే గుట్టలుగా రికార్డు చేసి, స్పీచ్ థెరపిస్టులు కూర్చుని వినాలి. అన్ని జిల్లాలవీ కావాలి, లేకపోతే కరీంనగర్ పిల్లాడు "ఏనుగు అచ్చింది, గుంజుకుంది" అని చక్కగా చెప్పినా తప్పుల కింద రాసేస్తుంది. ఆ తప్పు మెషీనుది, వాడిది కాదు.

అప్పటిదాకా ఏం చెయ్యాలంటారా, ముందు చెవుల పరీక్ష చేయించండి. 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకంలో మాటల ఆలస్యం కూడా ఉంది, అంగన్‌వాడీకో బడికో వచ్చే ఆ డాక్టర్లని వదలకుండా అడగండి.

మావాడిని ఇప్పుడు థెరపీకి తీసుకెళ్తున్నారు. అక్కడి థెరపిస్టు వాణ్ణి తప్పుపట్టదు, వాడన్న మాటనే సరిగ్గా తిప్పి అంటుంది. మొన్న ఇంటికొచ్చి "బన్నీగాడు నా పెన్సిల్ లాక్కున్నాడు, అది విరిగింది" అన్నాడు. అలవాటుకొద్దీ "ఏది?" అన్నాను.

"పెన్సిలే!" అని విసుక్కున్నాడు.