పులుసులోనే ఎరిగిన బొమ్మిడాయి

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు, వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోవద్దు. అక్వేరియం అలంకరణ గురించి మాట్లాడమన్నారు గానీ నేను తిండి గురించి మాట్లాడతాను. కాలవలో పట్టి ఇంటికి తెచ్చిన చేపలు చాలావరకు ఆకలితో పోవడమే నేను చూశాను.

బొమ్మిడాయినే తీసుకోండి. మనకది పులుసులోనే తెలుసు. మా వీధిలో ఒకాయన వలకు పడ్డ చిన్న బొమ్మిడాయిని తొట్టెలో వేసి, షాపుకెళ్ళి ఏం పెట్టాలని అడిగితే గుళికల డబ్బా చేతిలో పెట్టారు. వారం తిరక్కుండా అది చచ్చిపోయింది. మళ్ళీ వెళ్తే, "కాలవ చేపలు బతకవండీ, రంగు చేపలు కొనుక్కోండి" అన్నారట. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ నీళ్ళలో పుట్టి పెరిగిన చేప బతకదా?

గుళిక తిండేనని దానికెలా తెలుస్తుంది? కాలవలో కదిలేదే దానికి తిండి. పగలంతా ఇసుకలో దూరి, సన్నటి ముక్కు కొన మాత్రం బయటపెట్టి, దాన్ని అటూ ఇటూ ఆడిస్తూ వాసన చూస్తుంటుంది. చీకటి పడితేనే బయటికొస్తుంది. ఆయన తొట్టెలో ఉన్నవి గరుకు రాళ్ళు. పొట్టంతా గీసుకుపోయింది. పట్టపగలు లైటు కింద వేసిన గుళికలు అడుగున కుళ్ళి, చేపకు విషమైన అమ్మోనియా నీళ్ళలో పెరిగింది. ఇందులో చేప తప్పేముంది, మీరే చెప్పండి?

ఆయన తర్వాత తెచ్చిన బొమ్మిడాయికి సన్న ఇసుక పోయించాను. లైటు ఆర్పాక వానపాము ముక్కలు వేయమన్నాను. తినడం మొదలుపెట్టాకే వాటితో రొయ్య తురుము కలపాలి, అదీ మెల్లగా. గుళికలు ఎప్పటికీ ముట్టకపోతే బలవంతం వద్దు. అన్నట్టు, తొట్టె మూతలో పైపు దూరే సందును కూడా స్పాంజితో మూయండి, ఇది అందులోంచి జారిపోగలదు.

కొరమీను, గొరక పైకొచ్చి గాలి పీలుస్తాయి, అంచుదాకా నీళ్ళు నింపొద్దు. రెండూ ఎగిరి దూకుతాయి, మూత గట్టిగా ఉండాలి. పరిగెలు గుంపుగా ఉంటేనే బెదరకుండా తింటాయి, దోమ లార్వాలు వేసి చూడండి. కొరమీనుతో కలిపితే మాత్రం పరిగెలు మిగలవు. కొత్త తొట్టెలో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పెరగడానికి నెల పైనే పడుతుంది, అందాకా తిండి తక్కువ, నీళ్ళు మార్చడం ఎక్కువ. వాగులో నుంచి వచ్చిన చేప పురుగుల్ని మోసుకొస్తుంది, రెండు మూడు వారాలు విడిగా ఉంచండి.

మళ్ళీ ఆ షాపు మాటకే వస్తాను. బతకదని మన చేపను తీసిపారేసి, నాచు తింటుందని, నోటితో గాజుకు అతుక్కునే సక్కర్ చేపను అంటగడతారు. పెద్దదయ్యాక జనం దాన్ని తెచ్చి చెరువులో వదులుతారు. డెవిల్ ఫిష్ అని మత్స్యకారులు తిట్టుకుంటున్నది దాన్నే, దాని ముళ్ళకు వలలు చిరిగిపోతున్నాయి. దయచేసి తొట్టెలో పెంచిన ఏ చేపనూ, మన చేపైనా సరే, మళ్ళీ చెరువులో వదలొద్దు, అక్కడి చేపలకు రోగాలు అంటుకుంటాయి. తొలకరికి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపల జోలికీ పోవద్దు.

వెనక వరసలో సీసాలో పరిగెలు తెచ్చిన బాబూ, ముందు ఆ మూత తియ్యి నాన్నా. ఇంటికెళ్ళాక కుళాయి నీళ్ళు పోసేయకు, క్లోరిన్ ఉంటుంది. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రా, ఆ క్లోరిన్‌ను విరిచే మందు, హైపో ఇస్తాను, ఎంత వేయాలో చెబుతాను.