భిక్షాపాత్రలో ఉప్పు

శ్రోతలకు నమస్కారం. బీపీ అనగానే మనకు టెన్షన్ గుర్తొస్తుంది. మరి ఇల్లూ సంసారం వదులుకుని, రోజూ ధ్యానం చేస్తూ, మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టని బౌద్ధ భిక్షువులకు బీపీ ఎందుకు రావాలి? థాయిలాండ్‌లో వైద్యులను కలవరపెడుతున్న విషయం ఇది.

అక్కడ తెల్లవారుతూనే భిక్షువులు చెప్పుల్లేకుండా వీధుల్లోకి వస్తారు. వాకిట్లో ఎదురుచూస్తున్న ఇల్లాలు పాత్రలో అన్నం పెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో కట్టిన కొబ్బరిపాల కూర, వేపుడు, ఏదో ఒక తీపి అందిస్తుంది. వండే తీరిక లేనివాళ్లు బజారులో కొనితెస్తారు. చనిపోయిన తండ్రికి ఏది ఇష్టమో అదే వడ్డించేవాళ్లూ ఉన్నారు, మన తద్దినాల్లో లాగే. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ భిక్షువు ఇది కావాలని అడగకూడదు, పెట్టింది తినాలి.

అసలు చిక్కు ఉప్పుతోనే. థాయ్ వంటల్లో నామ్ ప్లా అనే చేపల సాస్ లేనిదే రుచి రాదు. అది ఒక్క టేబుల్ స్పూను వేస్తే 3 గ్రాములకు పైగా ఉప్పు పడినట్టే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భిక్షువులకు దానమిచ్చే బకెట్లలో ఇన్‌స్టంట్ నూడుల్స్ కూడా ఉంటాయి, అందులోనూ ఉప్పే.

మధ్యాహ్నం తర్వాత భోజనం నిషిద్ధం గానీ పానీయాలు తాగవచ్చు. ఆకలికి తీపి డ్రింకులు తాగితే బరువు పెరుగుతుంది, బరువుతో పాటు బీపీ. పరుగెత్తడం, బరువులెత్తడం భిక్షువుకు తగని పని అంటారు. కొందరికి సిగరెట్ అలవాటూ ఉంది. వదులుగా చుట్టుకున్న చీవరంలో పొట్ట పెరిగినా తెలియదు. చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలిస్తే దాదాపు సగం మంది భిక్షువులకు స్థూలకాయం ఉందని తేలింది. నడుము కొలత తెలిసేలా గుర్తులు పెట్టిన మొలతాడు కూడా వాళ్లు తయారుచేశారు. నాకు బాగా నచ్చిన ఆలోచన అది.

2017లో భిక్షువుల ఆరోగ్యం కోసం అక్కడ ఒక జాతీయ నియమావళి వచ్చింది. అందులో దాతల బాధ్యత కూడా ఉంది. నిజానికి మారాల్సింది ముందు దాతల వంటిల్లే. సాస్ సగం తగ్గించి, ఒక కూరగాయ, ఒక పండు పెడితే పుణ్యం తగ్గదు కదా!

ఇక మందుల సంగతి. బీపీ 140/90 దాటినా చాలామందికి ఏ బాధా తెలియదు. అందుకే మాత్రలు మధ్యలో మానేస్తుంటారు. మధ్యాహ్నం దాటాక ఏమీ తినకూడదన్న నియమం మందులకు వర్తించదు. జబ్బు చేసిన భిక్షువు మందు ఏ వేళనైనా వేసుకోవచ్చని భిక్షువుల నడవడికి సంబంధించిన ‘వినయ’ నియమాలే అనుమతిస్తున్నాయి. డాక్టర్ రాత్రి వేసుకోమంటే రాత్రే వేసుకోవచ్చు.